ఎవరి బిళ్ల వాళ్లే తిప్పాలి

మా పక్క క్వార్టర్ తమ్ముడు పోయిన సంగతి నాకు గోడ అవతలి నుంచి తెలిసింది. పొద్దున నల్లా దగ్గర నీళ్లు పడుతున్నాను. అతని భార్య గోడ మీద అరచేత్తో కొట్టి, "వదినా, ఒక్కపారి ఇటు రా. ఆయన లేస్తలేడు" అన్నది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడుపు లేని గొంతంటేనే నాకు భయం. బిందె నల్లా కిందనే వదిలేసి పోయాను. తమ్ముడు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. తలాపున చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ వెలుగుతూనే ఉంది. తెర మీద మా లైన్‌లోని ఇండ్లు ఒకదాని కింద ఒకటి వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా కింద అతని ఇల్లు, దాని పక్కన చిన్న డబ్బా. ఆ డబ్బాలో "కిందనే ఉన్నడు" అని ఉంది.

మనిషి లేడని ఆ ఫోన్‌కు ఎవరు చెప్పాలి?

పెద్దకర్మ నాడు పంచే చిన్న పుస్తకంలో నాలుగు మాటలు రాయమని అతని భార్య నన్ను అడిగింది. నా చదువు బడి మెట్ల దగ్గరే ఆగింది. రాస్తే ఏ తప్పు దొర్లుతుందో అని ఫికరు, రాయకపోతే ఆమె ఏమనుకుంటుందో అని ఇంకో ఫికరు. పెద్ద మనుషులు రాసేటట్టు నాకు రాదు. చూసింది, విన్నది చెబుతాను. చదివేవాళ్లు సర్దుకోండి.

అతను నాకు తోడబుట్టిన తమ్ముడు కాదు. ఒకే గోడకు అటూ ఇటూ బతికాం, అంతే. కానీ ఆ గోడ చాలా సంగతులు మోసింది.

వయసులో ఉన్నప్పుడు అతని డ్యూటీ బాయి అడుగున. గనిని మేము బాయి అనే అంటాం. నిలువు బాయిలో మనుషులు ఎక్కి దిగడానికి ఇనుప గూడు ఉంటుంది. ఆ గూడు అడుగుకు వచ్చే చోట నిలబడి, ఎక్కేవాళ్లను లెక్కపెట్టి ఎక్కించి, పైకి గంట కొట్టడం అతని పని. కింద గంట కొడితే పైన ఉన్నవాడు జవాబు గంట కొట్టాలి. జవాబు వచ్చేదాకా గూడు కదలకూడదు. "జవాబు రాలేదంటే వచ్చిందనుకోవద్దక్కా. రాలేదనే అనుకోవాలె" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. అప్పట్లో అది గంటల సంగతే అనుకున్నాను.

మా ఆయన సంగతి ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. ఆ బాయి ఇప్పుడు మూతపడింది, పేరెందుకు. ఆ రోజుల్లో పైన దీపాలిచ్చే గదిలో గోడకు ఒక బోర్డు ఉండేది. ప్రతి మనిషికీ ఆ బోర్డు మీద ఒక బిళ్ల. దిగేటప్పుడు ఎర్ర దిక్కు తిప్పాలి, ఎక్కి వచ్చాక ఇత్తడి దిక్కు తిప్పాలి. షిఫ్టు దిగే సమయానికి ఆడవాళ్లం కిటికీ బయట నిలబడి ఆ బిళ్లలనే చూసేవాళ్లం. మొగుడి మొహం కన్నా ముందు మొగుడి బిళ్ల కనిపించేది మాకు.

మగవాళ్లకు ఒక అలవాటు ఉండేది. ముందు ఎక్కి వచ్చినవాడు వెనక వచ్చే దోస్తు బిళ్ల కూడా తిప్పేసేవాడు. వరుసలో నిలబడే బాధ తప్పుతుందని. ప్రేమతో చేసే పనే. ఆ రోజు మా ఆయన బిళ్ల కూడా అట్లాగే ఒక దోస్తు తిప్పాడు. వెనకనే వస్తున్నాడు కదా అనుకున్నాడు. మా ఆయన టిఫిన్ డబ్బా మరిచిపోయి మళ్లీ లోపలికి పోయాడని అతనికి తెలియదు. నేను కిటికీలోంచి చూశాను. ఇత్తడి దిక్కు మెరుస్తూ ఉంది. ఎక్కిండు, ఎక్కడో బీడీ కాలుస్తూ నిలబడి ఉంటాడులే అనుకొని ఇంటికి వచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టాను.

కింద తమ్ముడి లెక్కలో ఒక మనిషి తక్కువ. గంట కొట్టాడు. పైన బోర్డు చూస్తే అందరూ ఎక్కినట్టే ఉంది. పైవాళ్లు బోర్డునే నమ్మారు. తమ్ముడు కొడుతూనే ఉన్నాడు. చివరికి గంట వదిలేసి తానే దీపం పట్టుకొని లోపలికి పోయాడు. పైకప్పు కూలిన చోట, బండ కింద మా ఆయన్ని చూసిన మొదటి మనిషి అతనే. ఆ సాయంత్రం మా వాకిట్లో నిలబడి నాతో అన్న మాట ఒక్కటే. "అక్కా, నేను గంట కొట్టిన. జవాబు రాలే."

తర్వాత ఎప్పుడూ ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోలేదు. కానీ ఆ రోజు నుంచి అతనిది ఒకటే మాట. "ఎవని బిళ్ల వాడే తిప్పాలె." దావత్‌లో ఎవరైనా పక్కవాడి విస్తరి తీసినా అదే మాట అనేవాడు. నవ్వుతూ అనేవాడు కానీ కళ్లు నవ్వేవి కావు.

కొన్నేళ్లకు అతని కాలు దెబ్బతిన్నది. బాయి పనికి పనికిరావని పైన ఆఫీసులో కంప్యూటర్ గదిలో వేశారు. మొదట్లో అది కూడా శిక్షే అన్నట్టు పోయేవాడు. తర్వాత ఏం రుచి తగిలిందో, దాన్ని వదల్లేదు. రిటైరయ్యాక కూడా ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టుకొని, ఫోన్‌లో పాఠాలు చూస్తూ, కాలు కుర్చీ మీద చాపుకొని కూర్చునేవాడు. భార్య ఎత్తిపొడిచేది. "మీ తమ్ముడు బాయిల ఉన్నన్నాళ్లు బొగ్గు, ఇప్పుడు ఈ డబ్బా. నా మొహం ఎప్పుడు చూస్తడో అడుగు వదినా." అతను తల తిప్పకుండానే, "నీ మొహం చూసే కంప్యూటర్ కొన్న" అనేవాడు.

ఈలోపు నా కొడుకు తన తండ్రి ఉద్యోగంలో చేరాడు. వాడూ బాయిలోకే. ఇప్పుడు నా ఫికరు మీకు చెప్పక్కర్లేదు. షిఫ్టు దిగే వేళకు రోడ్డు మీదికి వచ్చి, సైకిల్ మోటార్ మీద వచ్చే ప్రతివాణ్నీ ఆపి అడిగేదాన్ని. మా లైన్‌లో అందరూ నవ్వేవాళ్లు. నా కొడుక్కు సిగ్గు. "అమ్మా, నువ్వు రోడ్డు మీద నిలబడుడు చూసి అందరు నన్ను చిన్నపిలగాన్ని చేస్తున్నరు" అని విసుక్కునేవాడు. బాయిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. పైనే పెట్టెలో పెట్టి దిగుతారు. మరి నాకెట్లా తెలవాలి?

ఒకరోజు తమ్ముడు గోడ మీద కొట్టి పిలిచాడు. వాళ్ల ఇంట్లో కంప్యూటర్ తెర మీద మా లైన్ ఇండ్లన్నీ ఉన్నాయి. పేర్లు పెట్టలేదు, ఇండ్లే పెట్టాడు. మూలమలుపు ఇల్లు, జామచెట్టు ఇల్లు, మేకల ఇల్లు. మా ఇల్లు వెతుక్కున్నాను. "ఫికరక్క ఇల్లు" అని ఉంది.

"ఇదేం పేరు తమ్మి?"

"పోస్ట్‌మన్‌ను అడిగినా గిదే చెప్తడక్కా."

కోపం వచ్చింది. తర్వాత అదే ఉండనిచ్చాను.

ఆ పేజీ సంగతి ఇంతే. బాయికి పోయేవాడు ఫోన్ పెట్టెలో పెట్టే ముందు 'దిగిన' అని నొక్కుతాడు. ఎక్కి వచ్చి ఫోన్ తీసుకోగానే ఇంకోటి నొక్కుతాడు. ఇంట్లో ఉన్నవాళ్లకు వాళ్ల ఫోన్‌లో కనిపిస్తుంది. బాయికి పోయేవాడు తన ఫోన్‌లోంచి తన డబ్బానే మార్చగలడు, ఇంట్లోవాళ్లు కూడా దాన్ని ముట్టలేరు. జామచెట్టు ఇంటామె ఒకసారి వచ్చి, "మా ఆయన ఫోన్ చేసి చెప్పిండు అన్నా, వచ్చిన్నని. నేను నొక్కుత, నాకు తాళం ఇయ్యి" అని అడిగింది. అతను ఇవ్వలేదు. ఆమె మూతి ముడుచుకొని పోయింది. ఎందుకివ్వలేదో నాకు ఒక్కదానికే తెలుసు. నావైపు చూడకుండా కంప్యూటర్‌లోకి తలదూర్చాడు.

మొదటి వారంలోనే పెద్ద గొడవ. ఎక్కి వచ్చినవాళ్లకు అతను పెట్టిన మాట "పైకి పోయిండు" అని. మూలమలుపు ఇంటామె అన్నం తింటూ ఫోన్ చూసింది. తన మొగుడి పక్కన "పైకి పోయిండు". కంచం అక్కడే, ఏడుపు అక్కడే. చుట్టుపక్కల ఆడవాళ్లందరం తమ్ముడి వాకిట్లోకి పోయాం.

"బాయిలకెల్లి పైకే గదా పోయేది" అన్నాడతను, ఏమయిందో అర్థం కాక.

"మా ఇండ్లల్ల పైకి పోయిండంటే పాడె కట్టుడే తమ్మి" అన్నాను.

అతను గడప మీద కూలబడ్డాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "మీరు పైన నిలబడి చూసినోళ్లు. మీకు మనిషి వస్తడు. నేను కింద నిలబడి చూసినోన్ని అక్కా. నాకు మనిషి పోతడు. గూడు లేసినప్పుడల్లా, పైకి పోయిండు, పైకి పోయిండు అనుకుంట లెక్క వెట్టేటోన్ని. అంతకంటె సల్లటి మాట నాకు ఇంకోటి లేకుండె."

మేము ఎవరింటికి వాళ్లం మళ్లాం. ఆ సాయంత్రానికే అన్ని ఇండ్ల పక్కన "ఎక్కిండు" అని మారింది.

"అందరిది మార్చినవా?" అని అడిగాను.

"మార్చిన."

"నీది?"

అతని ఇల్లు కూడా ఆ వరుసలో అందరికన్నా కింద ఉండేది. దాని పక్కన ఎప్పుడూ "కిందనే ఉన్నడు" అనే. రిటైరైన మనిషికి ఎక్కడం దిగడం ఏముంది. "కింద గంట కొట్టేటోడు అందరు ఎక్కినంకనే ఎక్కుతడక్కా. నాది నొక్కేదెప్పుడు, నువ్వు చూసేదెప్పుడు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఏదో తొలిచింది. ఇప్పుడు కూడా తొలుస్తూనే ఉంది.

ఇది పైథాన్‌తో చేసిందని చెప్పాడు. పైథాన్ అంటే కొండచిలువ అని ఎవరో చెప్పారు. వెంటనే పోయి అడిగాను. "పాము పేరు పెట్టుకున్నదాంట్ల నా కొడుకు సంగతి ఎందుకు పెట్టినవు తమ్మి?"

"పామే అక్కా. కానీ కరువదు. చుట్టుకుంటది."

"అది నయమా?"

భార్య లోపలి నుంచి, "నన్ను చుట్టుకున్నది చాల్దా, వదినెను కూడా చుట్టుకోవాల్నా" అన్నది. దాని మీద జాంగో అని ఇంకోటేదో చట్రం ఉందన్నాడు. నేను వినడం మానేశాను.

కానీ నన్ను బాధ పెట్టింది వేరే. కొడుకు ఎక్కాడో లేదో చూడాలంటే పేజీని పైనుంచి కిందికి లాగాలి. లాగగానే తెర మొత్తం తెల్లగా అయిపోయేది. ఇండ్లన్నీ మాయం. మళ్లీ ఒక్కొక్కటే వచ్చేవి. ఆ తెల్లటి క్షణంలో నాకు ఒకటే ఫికరు. మళ్లీ వచ్చేటప్పుడు మా ఇల్లు లేకుండా వస్తే? ఈ ఫికరు కొడుక్కు చెబితే, "నీకు ఫోన్ కాదు, దవాఖాన కావాలె" అన్నాడు. తమ్ముడికి చెప్పాను. అతను నవ్వలేదు. కాలు నిమురుకుంటూ ఆలోచించాడు.

"నిజమే అక్కా. ఒక్క బిళ్ల తిప్పెతందుకు బోర్డు మొత్తం పీకి తెస్తున్న. బోర్డు గోడకే ఉండాలె. బిళ్లనే తిరగాలె."

"అట్ల అయితదా?"

"అయితది. దాన్ని అజాక్స్ అంటరు."

"ఎవరు వాడు?"

"మనిషి కాదక్కా, పద్ధతి." చెప్పేటప్పుడు అతని చేతులు గంట తాడు పట్టుకున్నట్టు ఆడేవి. "నీ ఫోన్ సప్పుడు లేకుండ గంట కొడుతది. అవతల మన పైథాన్ వింటది. పేజీ అంత పంపది, ముక్క పంపుతది. ఫికరక్క ఇంటి డబ్బాల ఏమున్నదో, గా ఒక్క ముక్క. తల ఉండది, తోక ఉండది. ఫోన్ ఆ ముక్కను తీసుకొని డబ్బాల పెడుతది. మిగిలిన పేజీకి తెల్వనే తెల్వదు."

ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. ఒక ఇంట్లో మారితే మిగిలిన ఇండ్లకు తెలియనే తెలియకపోవడం ఏం పద్ధతి? కానీ తెర తెల్లబడటం ఆగిపోయింది. ఇండ్లు ఎక్కడివక్కడే. నేను పొయ్యి దగ్గర ఫోన్ నిలబెట్టుకొని వంట చేసుకునేదాన్ని. చూస్తూ చూస్తూ ఉండగానే ఒక డబ్బాలో మాట మెల్లగా మారేది, కునుకు తీసిన మనిషి కన్ను తెరిచినట్టు. కొన్నాళ్లు రోడ్డు మీదికి పోవడం కూడా మానేశాను.

ఒక పూట మాత్రం చెడ్డది ఒకటి చూశాను. భూమిని పైనుంచే పేల్చి తవ్వే ఓపెన్‌కాస్ట్ మీద బ్లాస్టింగ్ సైరన్ మోగి, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాక ఫోన్ చూస్తే, మా ఇంటి డబ్బాలో మొత్తం లైన్ ఉంది. మూలమలుపు ఇల్లు, మేకల ఇల్లు, అన్నీ చిన్నగా మా డబ్బాలోనే. ఆ చిన్న వరుసలో మళ్లీ ఫికరక్క ఇల్లు. దాని డబ్బాలో మళ్లీ ఇంకా చిన్న వరుస. లోపలికి, ఇంకా లోపలికి. బాయిలో సొరంగం లోపల సొరంగం ఉంటుందని మా ఆయన చెప్పేవాడు, అట్లాంటిదే. నా కొడుకు ఆ అన్నిటికన్నా లోపల ఎక్కడో ఉన్నాడు. గోడ కొట్టాను. తమ్ముడు కుంటుకుంటూ వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

"ముక్క పంపాల్సిన కాడ పేజీకి పేజీ పంపిన అక్కా. పొద్దున గెలికిన, తల తీసేసుడు మరిచిన. ఫోన్‌ది తప్పు లేదు. వచ్చింది వచ్చినట్టు పెట్టింది."

"నా కొడుకో?"

"వాడు మంచిగనే ఉన్నడు. నా పైథానే వంకర పోయింది."

దిద్దేశాడు. కానీ ఆ లోపలికి పోయే ఇండ్లు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

అసలు సంగతి వాన నాడు జరిగింది. అందుకే ఇదంతా చెబుతున్నాను. ఆ పూట పొద్దుటి నుంచే మబ్బు ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల మీదికి దిగి, పగలే చీకటయింది. గాలి లేచింది, కరెంటు పోయింది. కొడుకుది పొద్దుటి షిఫ్టు. నేను ఫోన్ చూశాను. మా ఇంటి డబ్బాలో "ఎక్కిండు" అని ఉంది. గుండె నిమ్మళించింది. వానకు ఎక్కడో ఆగి ఉంటాడు అనుకొని, వేడివేడిగా పెట్టాలని పొయ్యి మీద ఎసరు పెట్టాను.

తలుపు తోసుకొని తమ్ముడు వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. ఫోన్ చొక్కా లోపల దాచుకున్నాడు.

"అక్కా, నీ ఫోన్ల ఏమున్నది?"

"ఎక్కిండని ఉన్నది."

"ఎప్పటిది?"

"ఎప్పటిదేంది తమ్మి? ఎక్కిండంటే ఎక్కిండే."

అతను పొయ్యి వైపు చూశాడు. ఎసరు వైపు చూశాడు. అతని మొహం ఎట్లా మారిందో నేను చెప్పలేను. బాయి అడుగున మా ఆయన్ని చూసినప్పుడు కూడా అతని మొహం అట్లాగే అయి ఉంటుంది.

"అది నిన్నటిది అక్కా. పొద్దుగాల సంది టవర్ లేదు. నీ ఫోన్ గంట కొడుతనే ఉన్నది, జవాబు వస్తలేదు. జవాబు రాకపోతే నేను ఏం చెయ్యమని రాయలే. పాత ముక్కనే డబ్బాల నిలబడ్డది. కొత్త దాని లెక్క."

పేజీ మీద ఏ తేడా లేదు. ఇండ్లు ఎక్కడివక్కడే, ముచ్చటగా ఉన్నాయి. ఇత్తడి దిక్కు మెరిసినట్టే. నేను పొయ్యి ఆర్పాను. ఎందుకు ఆర్పానో తెలియదు. ఇద్దరం గడప మీద కూర్చున్నాం. వానలో ఎవరూ రోడ్డు మీద లేరు, అడుగుదామంటే. తమ్ముడు ఏం ధైర్యమూ చెప్పలేదు. ధైర్యం చెప్పే మనిషి కాదతను. వేళ్లతో గడప మీద కొడుతూ కూర్చున్నాడు, ఆగి, వింటూ, మళ్లీ కొడుతూ.

నా కొడుకు వచ్చేసరికి వాన వెలిసింది. నడుచుకుంటూ వచ్చాడు. కరెంటు పోయి గూడు ఆగితే కిందనే కూర్చున్నారట, అంతే. మా ఇద్దర్నీ చూసి, "ఏందే అమ్మా, మామను కూడా ఫికర్ల కలుపుకున్నవా? అన్నం ఉన్నదా, నన్ను తలుసుకొని మీరే తిన్నరా?" అన్నాడు. తమ్ముడు లేచి వాడి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, ఇంటికి పోయాడు.

మర్నాటి నుంచి పేజీలో ఒక మార్పు. గంట కొట్టి జవాబు రాకపోతే డబ్బా ఖాళీ అయిపోతుంది. అందులో ఉన్న పాత మాట తుడుచుకుపోతుంది. ఆడవాళ్లు మళ్లీ అతని వాకిట్లోకి పోయారు. "ఉత్త డబ్బా చూస్తే పానం పోతున్నదన్నా. నిన్నటిదైనా ఉండనీ" అన్నారు.

అతను ఒప్పుకోలేదు. "ఉత్త డబ్బా బుగులు పెడుతది. కానీ అబద్ధమాడది" అన్నాడు.

అప్పటి నుంచి నేను ఖాళీ డబ్బాతో బతకడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే భయం పోయిందని కాదు. ఖాళీ అయినప్పుడల్లా గోడ మీద కొడతాను. అవతలి నుంచి అతను కొడతాడు. ఉన్నా, చూస్తున్నా అని దానర్థం. అంతకంటే మాకు మాటలు అక్కర్లేకపోయాయి.

చివరి రోజుల్లో దగ్గు ఎక్కువయింది. దవాఖానకు పొమ్మంటే, "పోత పోత" అన్నాడు. మా దగ్గర బయటికి పోయేవాడు 'వస్త' అని పోవాలి, 'పోత' అనకూడదు. ఆ మాట వద్దని తిట్టాను. "సరే, వస్త" అన్నాడు.

మూడోనాడు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. విస్తట్లో అతనికి ఇష్టమైనవన్నీ పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు వచ్చాయి. చెట్టు మీద కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. పిట్ట ముట్టకపోతే పోయినవాడికి ఏదో మిగిలిపోయిందని లెక్క. ఒకరు మందు పోయలేదన్నారు, ఒకరు బీడీ మరిచారన్నారు. అన్నీ పెట్టారు. కాకులు చూస్తూనే ఉన్నాయి.

అతని భార్య నా దగ్గరికి వచ్చింది. కొంగులోంచి అతని ఫోన్ తీసింది. "ఇంకా కిందనే ఉన్నడని చూపెడుతున్నది వదినా. రాత్రి పండుకోనిస్తలేదు. నువ్వు తిప్పు."

"ఎవని బిళ్ల వాడే తిప్పాలె చెల్లె. ఆయన మాటే."

"ఆయనకు చేతులేవి ఇప్పుడు" అన్నది. "నీకోసం చేసిండు. నువ్వే తిప్పు."

ఆ రోజు మా ఆయన బిళ్ల తిప్పిన చెయ్యిని నేను ఎన్నేళ్లు శపించానో దేవుడికే తెలుసు. ఇప్పుడు ఆ పని నా చేతికే వచ్చింది. నొక్కాను.

ఒడ్డు మీద టవర్ సరిగ్గా అందదు. డబ్బా ఖాళీ అయింది. "కిందనే ఉన్నడు" తుడిచిపెట్టుకుపోయింది, దాని స్థానంలో ఏమీ రాలేదు. అతని భార్య నా మోచెయ్యి పట్టుకుంది. దూరంగా ఓపెన్‌కాస్ట్ సైరన్ మోగింది. కాసేపటికి భూమి అడుగున దెబ్బ వినపడి, గోదావరి నీళ్ల మీద సన్నగా వణుకు పాకింది. నేను అలవాటుగా వేళ్లతో ఫోన్ వెనక కొట్టాను, గోడ మీద కొట్టినట్టు.

జవాబు వచ్చింది. డబ్బాలో మాట మెల్లగా కనిపించింది.

"పైకి పోయిండు."

అందరివీ మార్చాడు. తనది ఒక్కటే మార్చలేదు.

అతని భార్య చదివింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వెనక ఎవరో "దిగింది, దిగింది" అన్నారు. కాకి సంగతి. నేను తిరిగి చూడలేదు. నా కళ్లు ఫోన్ మీదనే ఉన్నాయి. మిగిలిన పేజీ కదలలేదు. మూలమలుపు ఇల్లు, జామచెట్టు ఇల్లు, మేకల ఇల్లు, ఎక్కడివక్కడే. వాటికి తెలియనే తెలియదు. ఆ వరుసలోనే ఫికరక్క ఇల్లు. ఆ పూట నా కొడుకు డ్యూటీలో ఉన్నాడు. వాడి డబ్బాలో "దిగిండు" అని ఉంది.

నేను చూస్తుండగానే, జవాబు రాక, ఆ డబ్బా ఖాళీ అయింది.